నాన్న బీపీ పొద్దున 118, సాయంత్రం 168. కిడ్నీ వల్ల బీపీనా, బీపీ వల్ల కిడ్నీనా?

బందరు_లడ్డూ
మా నాన్నకి 64 ఏళ్ళు. బీపీ పదకొండేళ్ళుగా ఉంది, షుగర్ లేదు. మొన్న కంటి శుక్లాల ఆపరేషన్ కోసం రక్త పరీక్షలు చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, పెరిగితే మంచిది కాదట) 1.6 వచ్చింది. దాని కిందే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వడగడుతోందో చెప్పే అంచనా, 48 అని వేశారు. కంటి డాక్టరు గారు "ముందు కిడ్నీ సంగతి చూపించుకుని రండి, కన్ను ఎక్కడికీ పోదు" అన్నారు. అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షనే.

అమ్మ ఒక పాత ఎల్ఐసీ డైరీలో రోజూ రెండు పూటలా బీపీ రాస్తుంది. పోయిన వారంవి:

సోమ: 122/76, సాయంత్రం 168/94
మంగళ: 118/74, 164/92
బుధ: 136/84, 158/90
గురు: 146/88, 172/96
శుక్ర: 120/76, 166/92

ఇంత ఎగుడుదిగుడు ఉంటే కిడ్నీ పాడవుతుందా? లేక కిడ్నీ పాడైంది కాబట్టే ఇలా ఊగుతోందా? మాత్రలు టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5. ఇంకో గొడవ ఏంటంటే, పొద్దున 120 దగ్గర కనబడితే ఆ రోజు మాత్ర వేసుకోరు. "లేని బీపీకి మందెందుకురా" అంటారు.

పాత_సైకిలు
చెట్టు ముందా విత్తు ముందా అన్న ప్రశ్న వేశారు. రెండూ నిజమే. మా బాబాయికీ ఇలాగే మొదలైంది.

గోంగూర_డాలస్
ముందు ఆ మెషీన్ పనిచేస్తోందో లేదో చూడండి. మాది మూడేళ్ళు తప్పు చెప్పింది. మేం మూడేళ్ళూ మందులు మార్చాం, మెషీన్ మాత్రం మార్చలేదు.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
బీపీ ఎవరికైనా రోజంతా మారుతూనే ఉంటుంది. నిద్రలో ఒకటి, మెట్లెక్కితే ఒకటి. చూడాల్సింది సగటు. పై అంకెలు పదీ కూడి భాగించాను, 147 వచ్చింది. 147 అంటే బీపీ అదుపులో లేనట్టే. దానికి మందు పెంచాలి. ఊగిసలాట, ఉయ్యాల అంటూ లేని భయాలు పెట్టుకోకండి.

డ్యూటీ_నెఫ్రో
కిడ్నీ విభాగంలో జూనియర్ డాక్టర్ని. ఇక్కడ రాసేది మీ నాన్నగారికి వైద్యం అనుకోవద్దు. చూసే డాక్టరుకి చూపించి తీరాలి. మీరడిగిన దానికి మాత్రం జవాబు చెప్తాను.

గుండె కొట్టే రక్తంలో దాదాపు ఐదోవంతు కిడ్నీలకే పోతుంది. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గుత్తులు ఉంటాయి. రోజుకి 180 లీటర్లు వడగట్టి, లీటరున్నరో రెండు లీటర్లో బయటికి పంపి మిగతాదంతా వెనక్కి తీసుకుంటాయి. ఆ గుత్తులు చాలా సున్నితమైనవి. అందుకే ప్రతి గుత్తికీ ముందు ఒక చిన్న రక్తనాళం కాపలా ఉంటుంది. బీపీ పెరిగితే అది బిగుసుకుంటుంది, తగ్గితే వదులవుతుంది. సగటు ఒత్తిడి సుమారు 80 నుంచి 160 దాకా ఎంత మారినా లోపల గుత్తికి తెలియనివ్వదు. ఇక్కడ సగటు అంటే మాస్టారి సగటు కాదు. కింది అంకెకి, పై అంకెకీ కింది అంకెకీ ఉన్న తేడాలో మూడోవంతు కలపాలి. 168/94 అయితే సుమారు 119.

అంటే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ 168ని ఒక సాయంత్రం కాచుకోగలదు. చిక్కంతా ఏళ్ళ తరబడి అలా ఉంటే వస్తుంది. ఆ కాపలా నాళం గోడలు మందమైపోయి, గట్టిపడి, బిగుసుకోవడం వదులవడం సరిగ్గా చేతకాక పోతుంది. అప్పుడు బయట బీపీ లేచినప్పుడల్లా ఆ దెబ్బ నేరుగా గుత్తికి తగులుతుంది. పడినప్పుడు గుత్తికి రక్తం చాలదు. ఊగిసలాట పాడైన కిడ్నీకే ఎక్కువ చేటు, మంచి కిడ్నీకి తక్కువ.

చీనీతోట_అనంతపురం
డాక్టరు గారు చెప్పింది మా డ్రిప్ లాగే ఉంది. మోటారు ఎంత తోసినా ప్రెషర్ రెగ్యులేటర్ బాగున్నంత కాలం డ్రిప్పర్ల దగ్గర ఒకేలా పడుతుంది. అది పోయిందా, కరెంటు ఫుల్లుగా ఉన్న రాత్రి లేటరల్ పైపులు ఊడి తోటంతా మడుగు. వోల్టేజీ తక్కువున్న పగలు చివరి వరస చెట్లకి చుక్క దిగదు. అదే మోటారు, అదే బోరు.

డ్యూటీ_నెఫ్రో
@చీనీతోట_అనంతపురం అన్నా, రేపటి నుంచి వార్డులో ఇదే చెప్తాను. ఒక్క తేడా ఉంది. మీ చెట్లకి నీళ్ళు చాలకపోతే అవి మోటారు వేయలేవు. కిడ్నీ వేస్తుంది. రక్తం తక్కువ వస్తోంది అనిపిస్తే రెనిన్ అనే పదార్థం వదులుతుంది. దాంతో ఒంట్లో నాళాలు బిగుస్తాయి, ఉప్పు నిలవ ఉంటుంది, బీపీ లేస్తుంది. 1934లో హారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనికి క్లిప్పు పెట్టి కాస్త బిగించి చూశాడు. బీపీ లేచి కూర్చుంది. ఒళ్ళంతా బీపీ బాగానే ఉన్నా, తనకి అందడం లేదు కాబట్టి లోకమంతా కరువే అనుకుంటుంది కిడ్నీ.

బందరు గారి రెండో ప్రశ్నకి జవాబు అదే. కిడ్నీ వల్ల బీపీ వస్తుంది, బీపీ వల్ల కిడ్నీ పోతుంది, ఒకటి రెండోదాన్ని లాక్కుపోతుంది.

పాత_సైకిలు
నేను ఒక్క లైన్లో చెప్పేశానుగా, రెండూ నిజమేనని :)

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
బాగానే ఉంది. కానీ సగటు తగ్గిస్తే ఊగడమూ తగ్గుతుంది కదా? 170కి పోయేవాడు 150కి పోతాడు. వేరే వైద్యం ఏముంది దీనికి?

డ్యూటీ_నెఫ్రో
సగం ఒప్పుకుంటాను మాస్టారూ. ఊగిసలాట మీద 2010లో లాన్సెట్ పత్రికలో పీటర్ రోత్‌వెల్ బృందం రాసింది చాలామంది చదివారు. సగటు ఒకటే అయినా, ఒక విజిట్‌కీ మరో విజిట్‌కీ పై అంకె బాగా మారేవాళ్ళకి పక్షవాతం ముప్పు ఎక్కువని తేలింది. మందుల్లోనూ తేడా కనబడింది. అటెనొలాల్ వాడినవాళ్ళలో ఊగడం ఎక్కువ, ఆమ్లోడిపిన్ వాళ్ళలో తక్కువ. కిడ్నీ విషయంలో కూడా, ఎక్కువ ఊగేవాళ్ళకి పనితీరు త్వరగా పడిపోవడం చూశారు. కాకపోతే అలా చూసినంత మాత్రాన ఏది కారణమో తేలదు. ఊగిసలాటకి విడిగా ఒక మాత్ర లేదు, అక్కడ మీ మాటే రైటు.

కానీ ఊగడానికి వెనక ఏదో ఉంటుంది. మాత్ర ఒకరోజు వేసి ఒకరోజు మానడం, కొలవడంలో తప్పు, ఇంకో మందు, ఉప్పు, నిద్రలో గురక. సగటు చూసి ఊరుకుంటే ఇవన్నీ దాక్కుంటాయి. 147 కదా అని మందు పెంచితే, పొద్దున 118 ఉన్న మనిషి కళ్ళు తిరిగి బాత్రూములో పడొచ్చు.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
ఆ ఆఖరి వాక్యం సరే. నాకు తట్టలేదు.

మందుల_కొట్టు
ఇరవై రెండేళ్ళుగా మెడికల్ షాపు. బందరు గారూ, ఒక్క మాట. మీ నాన్నగారికి మోకాళ్ళ నొప్పులున్నాయా? నొప్పి మాత్రలు వాడతారా? అడిగితే లేదంటారు. అడక్కండి, వెతకండి.

బందరు_లడ్డూ
మోకాళ్ళు నొప్పే కానీ మందులేం వాడరండీ. ఎప్పుడైనా జిందా తిలిస్మాత్ రాస్తారు అంతే.

మందుల_కొట్టు
వెతకండి అన్నాను.

సిస్టర్_నైట్‌షిఫ్ట్
సాయంత్రం బీపీ ఎప్పుడు చూస్తారు, ఎలా చూస్తారు? నర్సుని, పన్నెండేళ్ళుగా ఇదే పని. కాఫీ తాగి అరగంట కావాలి. బాత్రూముకి వెళ్ళి రావాలి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీద కట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కిందికి వేలాడితే ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ కట్టినా ఎక్కువే చూపిస్తుంది. మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూసి రెండూ రాయాలి.

మా దగ్గర ఓపీలో ఇవేవీ జరగవనుకోండి. జనం అలా ఉంటారు. ఇంట్లో ఐనా చేయండి.

బందరు_లడ్డూ
@సిస్టర్_నైట్‌షిఫ్ట్ ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. సాయంత్రం వాకింగ్ నుంచి రాగానే చూస్తారట. పడక్కుర్చీలో వాలి, చెయ్యి కిందికి వదిలేసి, టీవీలో చర్చా కార్యక్రమం చూస్తూ, మధ్యమధ్యలో ఆ టీవీ వాళ్ళని తిడుతూ. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు.

గోంగూర_డాలస్
168 తక్కువే వచ్చింది. ఆ చర్చలు చూస్తే నాకు ఇక్కడినుంచే 180.

ఓరుగల్లు_పోరి
నవ్వకుండ్రి, మా అమ్మ సంగతి చెప్తా. ఆమెకు టెల్మిసార్టాన్, నీళ్ళమందు (మూత్రం ఎక్కువ పోయేటట్టు చేసేది) రెండూ ఒక్క గోలీల ఉండేది. పోయిన ఎండకాలం పెండ్లికి పోయి వచ్చి విరేచనాలు పట్టుకున్నయి. రెండు రోజులు నీళ్ళోలె పోయినయి. అయినా బీపీ గోలీ తప్పొద్దు అని డాక్టర్ చెప్పిండు కదా అని పొద్దుగాల్నే వేసుకునుడే. మూడో రోజు లేస్తే కండ్లు తిరిగి పడ్డది. బీపీ 84/50, క్రియాటినిన్ 3.8. ఐదు రోజులు సెలైన్లు పెడితే 1.2కి దిగింది. అప్పుడు డాక్టర్ చెప్పిండు, వాంతులు విరేచనాలు ఉన్న రోజులల్ల ఆ గోలీ గురించి వెంటనే ఫోన్ చేసి అడగాలె అని. అది ముందుగాల్ల ఎవరూ చెప్పలే.

బీపీ పెరిగితే కిడ్నీ పోతదని అందరికి తెలుసు. పడిపోయినా పోతదని మాకు అప్పుడే తెలిసింది.

డ్యూటీ_నెఫ్రో
@ఓరుగల్లు_పోరి మే నెలలో మా వార్డు సగం ఇలాంటి కేసులతోనే నిండుతుంది అక్కా. త్వరగా తెచ్చారు కాబట్టి తేరుకున్నారు.

తాతగారి_చేతికర్ర
నాకు 71. ఇదంతా చదివాక ఒక సంగతి గుర్తొచ్చింది. మా ఊళ్ళో పూర్వం బీపీ 200 దాటిందంటే ఒక గొట్టం మాత్ర సూదితో పొడిచి నాలుక కింద పిండేవారు. పది నిమిషాల్లో దిగిపోయేది. ఎంత గొప్ప వైద్యమో అనుకునేవాళ్ళం. ఇప్పుడెవరూ చేయడం లేదేం?

డ్యూటీ_నెఫ్రో
అది నిఫెడిపిన్ గొట్టం మాత్ర తాతగారూ. పది నిమిషాల్లో దిగడమే దాని దోషం. ఒక్కసారిగా పడిపోయి కొందరికి పక్షవాతం, కొందరికి గుండెపోటు వచ్చాయి. 1990ల నడిమికల్లా వద్దని హెచ్చరికలొచ్చాయి. ఎక్కువ బీపీకి అలవాటు పడిన మెదడు, కిడ్నీ హఠాత్తుగా తగ్గితే తట్టుకోలేవు. తలనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం లాంటివేవీ లేకపోతే 200 అయినా మెల్లగానే దించాలి. ఉంటే మాత్రం ఇంట్లో ప్రయోగాలు వద్దు, ఆసుపత్రికే.

బందరు_లడ్డూ
దొరికాయి.

కళ్ళజోడు పెట్టెలో మూడు స్ట్రిప్పులు. డైక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసినవి. ఒకటి ఖాళీ, ఒకటి సగం. అమ్మ నిలదీస్తే, ఎనిమిది నెలలుగా రోజుకి రెండు వేసుకుంటున్నారట. వీధి చివర షాపులో మోకాళ్ళు అనగానే ఇచ్చారు. "అది మందు కాదే, నొప్పి బిళ్ళ" అన్నారట నాన్న.

మందుల_కొట్టు
ఈ మాట నేను కౌంటర్లో రోజుకి పదిసార్లు వింటాను. చీటీ లేకుండా ఇవ్వనంటే పక్క షాపుకి పోతారు. సిగ్గుగానే ఉంటుంది మా వృత్తివాళ్ళ గురించి చెప్పాలంటే.

చీనీతోట_అనంతపురం
నొప్పి బిళ్ళకీ బీపీకీ సంబంధం ఏంది డాక్టరు గారూ? మా కూలోళ్ళు కూడా సాయంత్రం ఒకటి మింగి పడుకుంటారు.

డ్యూటీ_నెఫ్రో
అన్నా, మీ డ్రిప్ లెక్కలోనే చెప్తాను. ప్రతి వడపోత గుత్తికీ లోపలికొచ్చే నాళం ఒకటి, బయటికి పోయే నాళం ఒకటి ఉంటాయి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళ లోపలికొచ్చే దాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే దాన్ని వదులు చేస్తుంది. ఆ రెండోది మంచిదే, గుత్తిలో ఒత్తిడి తగ్గి కిడ్నీ ఎక్కువ కాలం నిలబడుతుంది. కానీ రెండూ ఒకేసారి జరిగితే? ముందు గేట్ వాల్వు మూసి, వెనక గేటు తెరిచినట్టు. ఫిల్టర్‌లో ప్రెషరే ఉండదు. దీనికి నీళ్ళమందు కూడా తోడైతే, పైగా ఎండలో చెమట పోస్తే, రెండు మూడు రోజుల్లోనే కిడ్నీ ఆగిపోవచ్చు. మీ కూలీలకి ఎండలో పని చేసొచ్చి నొప్పి బిళ్ళ వద్దని చెప్పండి.

ఇంకొకటి. ఈ బిళ్ళలు ఉప్పూ నీరూ ఒంట్లో నిలబెడతాయి. బీపీ మందు వేసుకుంటూనే దాని పని చెడగొట్టుకున్నట్టు.

ఉద్దానం_పిల్లాడు
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి మండలం. బీపీ లేదు కాబట్టి కిడ్నీ బాగుంది అని ఎవరూ అనుకోవద్దు, అది చెప్పడానికే రాస్తున్నాను. మా దగ్గర కిడ్నీ జబ్బు వచ్చిన చాలామందికి మొదట్లో బీపీ ఉండదు, షుగర్ ఉండదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. కొబ్బరి తోటలో, జీడి తోటలో పని చేసుకునే మనిషి ఒకరోజు ఆకలి లేదని, నీరసమని పోతే క్రియాటినిన్ 5, 6 వస్తుంది. బీపీ ఆ తరువాత వస్తుంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్కటి తేలలేదు. నీళ్ళన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి బిళ్ళలూ ఆ లిస్టులో ఉన్నాయి. పలాసలో 2023 డిసెంబర్లో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అంతకు ముందు డయాలసిస్ కోసం విశాఖ దాకా పోయినవాళ్ళున్నారు మా వీధిలో.

మా మావయ్య వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పోతాడు. మీరు చెప్పే ఊగిసలాట ఆ మంచం పక్కన కూర్చుంటే తెలుస్తుంది. ఎక్కినప్పుడు 180, మూడో గంటకి 90. కాళ్ళు పట్టేస్తాయి, ఆవలింతలు మొదలవుతాయి. ఆవలింత చూడగానే అత్తయ్య సిస్టర్‌ని పిలుస్తుంది, మెషీన్ మోగేకంటే ముందే. రెండు డయాలసిస్‌ల మధ్య నీళ్ళు ఎక్కువ తాగితే అన్ని కేజీలూ ఆ నాలుగు గంటల్లోనే లాగాలి కదా, అప్పుడే ఇలా పడిపోతుంది. మావయ్య ఇప్పుడు ఐసుముక్క చప్పరించి ఊరుకుంటాడు.

సిస్టర్_నైట్‌షిఫ్ట్
@ఉద్దానం_పిల్లాడు మీ అత్తయ్య గారికి నా నమస్కారం చెప్పండి. ఆవలింత సంగతి కొత్త సిస్టర్లకి మేం మొదటిరోజే నేర్పుతాం.

బందరు_లడ్డూ
చదువుతుంటే భయమేస్తోంది. 48 అంటే డయాలసిస్ దగ్గర పడ్డట్టా?

డ్యూటీ_నెఫ్రో
కాదు, చాలా దూరం. 15 కిందికి వస్తే ఆ మాటలు మొదలవుతాయి. పైగా ఒక్క పరీక్షతో దీర్ఘకాలిక జబ్బు అని ముద్ర వేయకూడదు. కనీసం మూడు నెలలు అలాగే ఉండాలి. నొప్పి బిళ్ళల వల్ల పెరిగిన క్రియాటినిన్ కొంత దిగొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ స్ట్రిప్పులు కూడా పట్టుకెళ్ళండి, దాచొద్దు. మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోందో చూసే ఏసీఆర్ అనే పరీక్ష చేయించారా? క్రియాటినిన్ ఒక్కటే చూసి వదిలేస్తారు చాలామంది. ఏసీఆర్ 30 లోపు మామూలు, 30 నుంచి 300 మధ్య జాగ్రత్త పడాలి, 300 దాటితే గట్టిగా పట్టించుకోవాలి. బీపీ దెబ్బ గుత్తికి తగులుతోందో లేదో ముందుగా చెప్పేది అదే.

రాత్రిళ్ళు మూత్రానికి ఎన్నిసార్లు లేస్తారు? గురక ఉందా?

బందరు_లడ్డూ
మూడుసార్లు. గురక గురించి అడక్కండి, కింది అంతస్తు వాళ్ళు కూడా చెప్తారు.

డ్యూటీ_నెఫ్రో
ప్రోస్టేట్ కూడా కారణం కావచ్చు, అది చూస్తారు. మామూలుగా నిద్రలో బీపీ పది నుంచి ఇరవై శాతం దిగాలి. కిడ్నీ దెబ్బతిన్న వాళ్ళలో, గురకతో ఊపిరి ఆగే జబ్బున్న వాళ్ళలో చాలామందికి దిగదు. ఉప్పుని పగలు పంపలేని కిడ్నీ రాత్రి డ్యూటీ చేస్తుంది, అందుకు బీపీ పైనే ఉంచుకుంటుంది. ఇంట్లో రెండు పూటలా చూస్తే ఇది దొరకదు. 24 గంటల బీపీ మెషీన్ ఒకటి చేతికి కట్టి పంపుతారు, అవసరమనుకుంటే డాక్టరే చెప్తారు.

గోంగూర_డాలస్
నాకు కట్టారు అది. పగలు 128, డాక్టరు దగ్గర 126, అంతా భేష్. రాత్రి నిద్రలో 150. గురక మెషీన్ పెట్టుకున్నాక దిగింది. మా ఆవిడ ఆ మెషీన్ శబ్దమే నయం అంది.

పాత_సైకిలు
మాత్ర సంగతి ఎవరూ తేల్చలేదు. 118 ఉన్నరోజు వేసుకోవాలా వద్దా?

మందుల_కొట్టు
118 వచ్చింది మాత్ర వల్లే. గొడుగు వేసుకున్నాక తడవడం లేదని గొడుగు పారేస్తామా.

డ్యూటీ_నెఫ్రో
ఆమ్లోడిపిన్ ఒక మోతాదు ఒంట్లో సగం తగ్గడానికే 35 నుంచి 50 గంటలు పడుతుంది. అందుకే సోమవారం మానితే ఆ సాయంత్రమే తెలియదు. డైరీ మళ్ళీ చూడండి. సోమ, మంగళవారాల్లో పొద్దున 122, 118. ఆ రెండు రోజులూ మానేసి ఉంటారు. బుధవారం పొద్దున 136, గురువారం 146. అప్పుడు భయపడి వేసుకున్నారు, శుక్రవారం 120. మళ్ళీ మానేసి ఉంటారు. పొద్దుటి ఊగిసలాట మాత్రల పెట్టెలోంచి వస్తోందని నా అనుమానం, సాయంత్రానిది మూడో అంతస్తు మెట్ల మీద నుంచి. అమ్మగారిని డైరీలో ఇంకో గడి గీయమనండి, మాత్ర వేసుకున్నారా లేదా అని.

కళ్ళు తిరగడం, తూలడం ఉంటే, లేదా పై అంకె 100 దగ్గరికొస్తే అది వేరే సంగతి. అప్పుడు సొంతంగా మానకుండా డాక్టరుకి ఫోన్ చేయాలి.

లెక్కల_మాస్టారు_రిటైర్డ్
అంకెలు నేనూ చూశాను, కూడి భాగించాను. వరస చూడలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి గ్రాఫ్ గీయమని చెప్పినవాడిని!

తాతగారి_చేతికర్ర
ఇంతకీ ఎంత ఉండాలి బీపీ? ఒకరు 140 అంటారు, ఒకరు 130, మొన్నొకరు 120 అన్నారు. వేలం పాటలా ఉంది.

డ్యూటీ_నెఫ్రో
120 మాట స్ప్రింట్ అనే అమెరికా అధ్యయనం నుంచి వచ్చింది, 2015లో. 9361 మంది, షుగర్ లేనివాళ్ళు. పై అంకె 120 లోపు ఉంచిన వాళ్ళలో గుండె జబ్బులు, మరణాలు తగ్గాయి. కానీ కళ్ళు తిరగడం, కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినడం ఆ గుంపులోనే ఎక్కువ. పైగా అక్కడ బీపీ సిస్టర్ గారు చెప్పిన పద్ధతిలో, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి కొలిచారు. ఓపీలో నడుచుకుంటూ వచ్చిన మనిషికి చూసి ఆ 120 కోసం మందులు గుప్పించకూడదు. నా వరకు కిడ్నీ రోగుల్లో తట్టుకోగలిగితే 130 లోపు చూస్తాను. మీ వయసులో నిలబెట్టి కూడా చూస్తాను, లేచాక ఎంత పడుతోందో తెలియాలి కదా. వేరే డాక్టరు వేరేగా చెప్తే తప్పనను.

పెసరట్టు_ప్రియ
ఉప్పు గురించి ఎవరూ అడగలేదేం? మా అత్తగారు ఆవకాయ మానమంటే సత్యాగ్రహం చేస్తున్నారు. తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్ తెచ్చాను, ఫర్వాలేదా? ఆవిడ క్రియాటినిన్ 2.1.

డ్యూటీ_నెఫ్రో
@పెసరట్టు_ప్రియ ఆ ప్యాకెట్ ఆపండి. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. కిడ్నీ బాగున్న వాళ్ళకి మంచిదే, 2.1 ఉన్నవాళ్ళకి రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. మామూలు ఉప్పే తక్కువగా వాడండి. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే అన్నిట్లో కలిపి ఒక చెంచా. ఆవకాయతో మొదటి రోజే యుద్ధం పెట్టుకోకండి. మజ్జిగలో, అన్నంలో, అప్పడాల్లో పోయే ఉప్పు ముందు తగ్గించండి. ఆవకాయ ఆదివారం ఒక ముక్క.

పెసరట్టు_ప్రియ
ముక్కకి ఒప్పుకుంటారు, గుజ్జు దగ్గర పేచీ.

జిమ్_బాయ్_గుంటూరు
నేను జిమ్‌లో క్రియాటిన్ పౌడర్ వేసుకుంటున్నా. ఇక్కడ అందరికీ అది పెరిగిందని భయపడుతున్నారు, మరి మా కోచ్ మంచిదంటాడు??

గోంగూర_డాలస్
తమ్ముడూ, నీది క్రియాటిన్, వీళ్ళది క్రియాటినిన్. మధ్యలో "ని" ఉంది.

డ్యూటీ_నెఫ్రో
నవ్వులాట కాదు, సంబంధం ఉంది. నీ క్రియాటిన్ ఒంట్లో క్రియాటినిన్‌గానే మారుతుంది. రక్త పరీక్ష చేయించుకుంటే కిడ్నీ బాగున్నా అంకె కాస్త ఎక్కువ రావచ్చు. పరీక్షకి ముందు డాక్టరుకి చెప్పు.

బందరు_లడ్డూ
ఐదు వారాల తరువాత వస్తున్నాను. కిడ్నీ డాక్టరు గారికి చూపించాం. స్ట్రిప్పులు బల్ల మీద పెడితే ఆయన నాన్న వైపు చూసి ఏమీ అనలేదు, డస్ట్‌బిన్ కాస్త ముందుకి జరిపారంతే. నాన్నే లేచి వేసేశారు. ఏసీఆర్ 85. స్కానింగ్‌లో కిడ్నీలు రెండూ మామూలు సైజే. ప్రోస్టేట్ కొంచెం పెద్దది. బీపీ మందులు అవే ఉంచారు, పెంచలేదు. రోజూ వేసుకోవాలన్నారు. మోకాళ్ళకి ఫిజియోథెరపీ, మరీ నొప్పైతే ఉత్త పారాసెటమాల్, అది కూడా అడిగి.

నిన్న రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్ 1.3, ఈజీఎఫ్ఆర్ 61. పోయిన వారం బీపీ పొద్దున 124 నుంచి 130, సాయంత్రం 132 నుంచి 138. ఇప్పుడు సాయంత్రం ఏడింటికి టీవీ కట్టేసి ఐదు నిమిషాలు కూర్చుంటున్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఈ ఐదు నిమిషాలే మాట్లాడకుండా ఉన్నారట, అమ్మ చెప్పింది. కంటి ఆపరేషన్ వచ్చే నెల 9న.

మందుల_కొట్టు
కళ్ళజోడు పెట్టె అప్పుడప్పుడు చూస్తూ ఉండండి.

డ్యూటీ_నెఫ్రో
బాగా దిగింది. పొటాషియం ఎంత?

బందరు_లడ్డూ
4.6.

డ్యూటీ_నెఫ్రో
సరే. మూడు నెలలకి రక్తం, ఏసీఆర్ రెండూ మళ్ళీ. 85 ఉంది కాబట్టి వదిలేయొద్దు. గురక పరీక్ష కూడా బాకీ ఉంది మీకు.

హైటెక్_సిటీ_రాత్రిపక్షి
నాకు 27. ఆఫీసులో హెల్త్ చెకప్‌లో 164/104 వచ్చింది. ఇంట్లో ఎవరికీ బీపీ లేదు. మా మేనేజర్ వల్లే అనుకుంటున్నా. ఇక్కడే అడగొచ్చా?

సిస్టర్_నైట్‌షిఫ్ట్
మేనేజర్ సంగతి తరువాత. కూర్చుని, మాట్లాడకుండా మళ్ళీ చూశారా?

హైటెక్_సిటీ_రాత్రిపక్షి
మూడు రోజులు చూశాను. 158 కిందికి రాలేదు.

డ్యూటీ_నెఫ్రో
27కి ఆ అంకెలైతే మేనేజర్‌ని ఆఖరున అనుమానిద్దాం, ముందు కిడ్నీ ధమనులూ హార్మోన్లూ చూడాలి. ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇక్కడ కొత్త చర్చ తెరవండి, ఇది బందరు వారిది. తెరిచేముందు రెండు చేతులకీ విడివిడిగా కొలిచి ఆ అంకెలు రాయండి.